వాలు అక్షరం

సైదమ్మ ఫోన్ల రాసి పంపుతది.
ఊరి పేరు ముంగట ఒక గళ్ల గుర్తు,
బోరు బోరుకు ఒక పొట్టి గీత,
గట్టిగ చెప్పాలనుకున్న మాటకు
అటు రెండు చుక్కలు, ఇటు రెండు చుక్కలు.
ఈ గుర్తులు నేనే నేర్పిన,
మర్రిగూడ బస్టాండ్ల, బస్సు రాని పగటిపూట,
పల్లీల పొట్లం కాయితం విప్పి.
అడుగు గీత అటూ ఇటూ పెడితే
నడిమిట్ల మాట పక్కకు వాల్తదని సుత చెప్పిన.
"గింతేనా మేడం?"
గింతే. మిగిలింది మిషన్ చూసుకుంటది.

మిషన్ అంటే నేనే.
నల్లగొండల గడియారం స్తంభం ఎనక సందు,
కింద జిరాక్సు షాపు, పైన నేను,
మూడో నంబరు దాటని ఫ్యాను.
లైబ్రరీ చేతికిచ్చిన ఫంక్షన్లన్నీ చిన్నవి:
ఒకటి ఒక్క అక్షరం మింగి ఊకుంటది.
ఒకదానికి "మల్లా, ఇంకోపాలి" అనుడు తప్ప ఏం రాదు.
ఇంకొకటి, సంబంధాలు చూసే మేనత్త,
ఇది కుదరకుంటే అది అంటది.
ఒకదాని కొసకు ఒకటి ముడేస్తే
వరుసల నిలబడ్డ అక్షరాలు చెట్టయితయి.
ఊరు మొదలు, బోర్లు కొమ్మలు,
ఫ్లోరైడు అంకెలు చిట్టచివర.
ఆ చెట్టును కొసల కాడి నుంచి
మడుసుకుంట మడుసుకుంట వేరు దాకా వస్తే
పేజీ.
తెరిచిన ట్యాగు తెరిచినట్టే మూసుకొని,
ఏ ఆఫీసుల, ఎవరి కంప్యూటర్ల విప్పినా ఒక్కతీరు.

ఒకనాడు అడిగింది,
ఫంక్షన్ అంటే ఎవరి పెండ్లి మేడం?
నవ్వి చెప్పిన. ఇది శుద్ధమైంది సైదమ్మా,
ఇయ్యాల పోసినా ఎల్లుండి పోసినా
అదే పోస్తే అదే ఇస్తది.
పోసినదాన్ని పాడు చెయ్యదు,
తన గడప దాటి దేన్నీ ముట్టదు.
శానసేపు "టైపింగ్" అని చూపెట్టింది ఫోను.
వచ్చింది ఒక్కటే లైను:
మా నాలుగో బోరు గట్ల కాదు.

మొన్న బేస్తారం పేజీ తయారు కాలే.
పద్నాలుగో లైను కొసకు నా పార్సర్ ఆగి నిలబడ్డది,
మూసే గీత కోసం చూస్తున్న, లైను అయిపోయింది, అని.
తెరిచి చూస్తే

- బోరు నాలుగు, 4.2, _జంగయ్య, మేకలు కాస్తడు

అంతే. గీత తెరిచింది, మూయలే.

ఫోన్ చేసిన. మరిసినవా?
అవతల బకెట్ చప్పుడు, ఎవరో ఎవర్నో తిట్టుడు.
"మరవలే మేడం.
ఒక మోకాలే వంగింది ఆయనది.
రెండోది మంచిగనే ఉంది ఇంకా."

ఆ రాత్రి చెట్టుకు కొత్త తీరు కొమ్మ ఒకటి పెట్టిన.
పేరేం పెట్టాలెనో తెల్వక
మిణుకుమనే కర్సర్‌ను చూసుకుంట కూసున్న.
"తప్పు" అని పెట్టి కొట్టేసిన.
"మూయనిది" అని పెట్టిన.
హెచ్‌టీఎంఎల్‌ల దానికి ట్యాగు లేదు.
సరిచెయ్యకు, మింగకు, ఎట్లొచ్చిందో అట్లనే దాటనియ్యి
అని ఒక్క లైను రాసిన.

పేజీ వచ్చింది.
ఊరి పేరు పెద్దగ, బోర్లు వరుసగ,
జంగయ్య పేరు నిటారుగ,
ముంగట ఆ గీత,
మంచం పక్కన నేల మీద పెట్టిన కర్ర లెక్క.
ఇంకోపాలి నడిపిన. అదే వచ్చింది.
మూడోపాలి సుత అదే.

కింద షట్టర్ దించుతున్నరు.
రెండో గీత వచ్చిననాడు ఏం చెయ్యాలెనో
మొదటి దినమే రాసి పెట్టిన,
పరీక్షలన్నీ పాసైన రూలు అది.